బూజుపట్టిన మేపుల్ గిన్నెలో పులిహోర పెట్టొచ్చా?

దుంగల_దాసు: మాది మిషిగన్. మూడేళ్ల కిందట గాలివానకి వీధి చివర సిల్వర్ మేపుల్ పడిపోతే సిటీవాళ్లు కోసి రోడ్డు పక్కన పడేశారు, రెండు దుంగలు తెచ్చి గ్యారేజీ వెనక నేలమీద వదిలేశా. కోసి చూస్తే లోపల ఇంకుతో గీసినట్టు నల్లటి గీతలు! స్పాల్టెడ్ అంటారు. లేత్ (కర్రని గిరగిరా తిప్పుతూ చెక్కే మిషను) మీద తిప్పి 10 అంగుళాల గిన్నె చేశా. మా ఆవిడేమో బూజుకర్రలో పులిహోర పెట్టనంటోంది.

లక్కపిడత: ఆవిడే కరెక్ట్. పుచ్చుకి ఇంగ్లీషు పేరు పెడితే పుచ్చు కాకుండా పోదు.

దుంగల_దాసు: అయ్యా, ఆ గీతలు ఒక ఫంగస్ ఇంకోదాన్ని రానీకుండా వేసుకునే గట్లు, మన పొలం గట్లలాగే. తేమ 20 శాతం లోపుకి దిగితే ఇక ఎదగదు. ముందు అంగుళం మందాన తిప్పి, ఆర్నెల్లు ఆరబెట్టి, వంకరపోయాక మళ్లీ తిప్పా.

రవ్వదోస: ఏం నూనె పూశారు? వాల్‌నట్ అయితే ఎలర్జీ పిల్లలకి డేంజర్.

దుంగల_దాసు: మినరల్ ఆయిల్.

లక్కపిడత: మెత్తబడ్డ చోట ఉలి పీకేస్తుంది కదా, గట్టిపడ్డానికి సూపర్‌గ్లూ పోశారా లేదా?

దుంగల_దాసు: అడుగున రెండు చోట్ల పోశా, లోపల కాదు.

లక్కపిడత: పోశారుగా!

నైట్‌షిఫ్ట్: గిన్నె సంగతి తర్వాత, మాస్క్ పెట్టుకున్నారా? ఆ పొడికి నేను రెండు వారాలు దగ్గాను.

దుంగల_దాసు: లక్కపిడత గారూ, అసలు మీరెప్పుడైనా లేత్ ముట్టుకున్నారా?

లక్కపిడత: నేను కాదు, మా తాత ముట్టుకున్నాడు, ఏటికొప్పాకలో 40 ఏళ్లు. అంకుడు కర్ర తెల్లగా ఉండాలి, మచ్చ కనపడితే షావుకారు పక్కకి తోసేసి డబ్బులు కోసేవాడు, ఆ తోసేసిన లక్కపిడతలతోనే నేను ఆడుకున్నా. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ ట్యాగ్ (ఊరిపేరు మీద ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అప్పటికి తాత లేడు. మొన్న ఉగాది సంబరాల్లో మీ స్టాల్ చూశానండీ. గిన్నె 140 డాలర్లు. మచ్చ ఉన్నందుకే ఆ రేటు!

దుంగల_దాసు: అంటే మీ గొడవ పులిహోర గురించి కాదన్నమాట.

లక్కపిడత: పులిహోర గురించి కూడా.

దుంగల_దాసు: మూడు తిప్పితే ఒకటి పగుల్తుందండీ, ఒకటి ఎగిరొచ్చి కనుబొమ్మ మీద 4 కుట్లు పడ్డాయి. ఊరికే ఇవ్వమంటారా?

లక్కపిడత: మా తాతకీ పగిలేవి. అవి ఎవరూ లెక్కేయలేదు.

రవ్వదోస: స్టాల్‌లో అమ్మినవాటికీ మినరల్ ఆయిలేనా? మేం ఒకటి కొన్నాం.