అప్‌డేట్: పొలం దారికి అడ్డంగా పెడుతున్న కార్ల సంగతి

మొయినాబాద్ దగ్గర మా పొలం దారిలో, ఆదివారాలు ఫామ్‌హౌస్‌లకు వచ్చేవాళ్లు కార్లు పెట్టేసి పోతున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

112కి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ గారు వచ్చి బండి తీయించారు. మోటారు వాహనాల చట్టం (1988) 127వ సెక్షన్ కింద, రాకపోకలకు అడ్డంగా వదిలేసిన బండిని పోలీసులు లాగించేయొచ్చు, ఖర్చు ఓనర్‌దే. కానీ ప్రతిసారీ పోలీసుల కోసం ఎదురుచూడలేం. కోతల టైంలో గంట ఆలస్యమైతే హార్వెస్టర్ డ్రైవర్ పక్క ఊరికి వెళ్లిపోతాడు. తర్వాత వాన పడితే వడ్లు తడిసిపోతాయి.

అందుకే సర్పంచ్ గారితో కలిసి ఫామ్‌హౌస్ మేనేజర్లను కలిశాం. సింగిల్ రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. పెద్ద హార్వెస్టర్ కట్టర్ బార్ (ముందు అడ్డంగా ఉండే కోత భాగం) 4 మీటర్లు దాటుతుంది, అంటే అది రోడ్డు పక్క మట్టి మీదుగానే పోవాలి. "సైడుకే పెట్టాం కదా" అనేవాళ్లకు ఇది తెలియదు. టేపు పట్టి కొలిచి చూపించాక ఇద్దరు మేనేజర్లు గేటు లోపలే పార్కింగ్ ఇచ్చారు. మూడో ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆయన మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాం.