కందిపప్పు మానేస్తే గ్యాస్ తగ్గుతుందా?

రమణారావు, కాకినాడ: మధ్యాహ్నం ముద్దపప్పు తింటే సాయంత్రానికి పొట్ట రాయిలా అవుతోంది. పప్పు బంద్ చేయమంటే మా ఆవిడ వినదు. పప్పు వాతం చేస్తుందని పెద్దలు ఊరికే అన్నారా?

శైలజ, ఖమ్మం: మానేయక్కర్లేదండీ. పప్పులో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని అరిగించే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. అది జబ్బు కాదు. పప్పు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే కొంత తగ్గుతుంది.

రమణారావు: నానబెట్టిన నీళ్లు పారబోస్తే బలమంతా పోదా? మా అమ్మ ఏనాడూ నానబెట్టలేదు. కడిగి పొయ్యి మీద పెట్టేసేది.

వెంకట్, నల్గొండ: ఇంగువ వేయండి సార్.

శైలజ: మీరు నీళ్ల దగ్గరే ఆగిపోయారు. ఉల్లిపాయ, క్యాబేజీ, సోడా, గబగబా తింటూ మింగే గాలి, ఇవన్నీ కారణాలే. పాలలోని లాక్టోజ్ కూడా పెద్దయ్యాక చాలామందికి అరగదు. టీలు ఎన్ని తాగుతారు?

రమణారావు: చిన్నప్పటి నుంచీ పాలు తాగుతున్నాను, ఏమీ కాలేదు. పప్పు తిన్నప్పుడే ఛాతీలో పట్టేస్తోంది. పొద్దున్నే పాంటాప్రజోల్ వేసుకున్నా తగ్గట్లేదు.

శైలజ: ఛాతీలోనా? ఇంతసేపూ పొట్ట అన్నారు! ఆ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పేగుల్లో గ్యాస్‌ను కాదు. మా నాన్నకు ఛాతీ బరువెక్కి చెమటలు పడితే, గ్యాసేనని ఇంట్లో సోడా తాగించారు. తెల్లారి ఈసీజీ తీస్తే గుండెపోటు.

రమణారావు: నేనడిగింది పప్పు గురించి. గుండె పేరు చెప్పి భయపెట్టకండి. పోయినేడు ఇలాగే వెళ్తే వేలకు వేలు పరీక్షలు రాసి, చివరికి గ్యాసేనన్నారు.

ఫర్హానా, కర్నూలు: పరీక్షలు చేశారు కాబట్టే గ్యాసని తేలింది కదండీ.

రమణారావు: డబ్బు పోయింది నాది. మీకేం, చెబుతారు.

శైలజ: డబ్బు గురించా మీ బాధ? ఆ మాట ముందే అనాల్సింది. ఈసీజీ ఒక్కటే తీయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. మెట్లెక్కితే పట్టేస్తోందా?

రమణారావు: మెట్లెక్కినా వస్తోంది. కాసేపు నిలబడితే పోతోంది.

శైలజ: అయితే రేపటిదాకా ఆగకండి, ఈరోజే వెళ్లండి. ఒక్కరే బండి మీద వెళ్లొద్దు, ఆవిడను తీసుకెళ్లండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి.