మొక్కజొన్న గింజ ఎదుగుదలలో స్ప్లైసింగ్ జన్యువుల పాత్ర ఏమిటి?

ప్రశ్న: ఆత్మపరాగసంపర్కం చేసిన కంకిలో సుమారు నాలుగో వంతు గింజలు గరుకుగా, నొక్కుకుపోయి ఉన్నాయి. స్ప్లైసింగ్ (జన్యువు నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లు అనే అనవసర భాగాలను తొలగించి మిగతావాటిని కలపడం) లోపమైతే మొక్క అంతటా కనిపించాలి కదా, గింజలోనే ఎందుకండీ?

జవాబు 1: నాలుగో వంతు అంటే అది ఒకే అంతర్గత జన్యువు (రెండు ప్రతులూ దెబ్బతింటేనే ప్రభావం కనిపించేది) పని కావచ్చు. 2011లో వివరించిన ఆర్‌జీహెచ్3 జన్యువును చూడండి. అది దెబ్బతింటే యూ12 అనే అరుదైన రకం ఇంట్రాన్లు సరిగా తొలగవు. ఇవి మొత్తం ఇంట్రాన్లలో ఒక శాతం కూడా ఉండవు, అయినా అంకురచ్ఛద (గింజలో పిండానికి ఆహారం నిల్వచేసే భాగం) కణాలు పిండిపదార్థం నింపుకునే దశకు సక్రమంగా మారలేక విభజన చెందుతూనే ఉంటాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది, అంకురచ్ఛదంలోని ఈ లోపం పిండం ఎదుగుదలను కూడా దెబ్బతీయడం. చాలా గింజలు మొలకెత్తవు కనుకే లోపం మొదట అక్కడ బయటపడుతుంది.

జవాబు 2: కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను మరువకండి. డెక్35 జన్యువు తయారుచేసే పీపీఆర్ ప్రోటీన్ (ఆర్‌ఎన్‌ఏకు అతుక్కునే రకం) లోపిస్తే మైటోకాండ్రియాలోని నాడ్4 జన్యువు మొదటి ఇంట్రాన్ తొలగక, శ్వాసక్రియలోని మొదటి సంక్లిష్టం (ప్రోటీన్ల సముదాయం) కుంటుపడి, గింజ చిన్నదవుతుంది.

ప్రశ్న అడిగినవారు: ఈ రెండింటినీ వేరుచేయడం ఎలాగండీ?

జవాబు 1: అనుమానమున్న ఇంట్రాన్‌కు ఇరువైపులా ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టి ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి దాని ప్రతులను పెంచే పరీక్ష) చేయండి. ఇంట్రాన్ మిగిలి ఉంటే జెల్‌పై పట్టీ పెద్దదిగా, పైన కనిపిస్తుంది.