“చల్లా యంబలి”లో ఆ దీర్ఘం ఎక్కడిది?

బాటసారి: కొన్నాళ్లుగా పాత యాత్రికుల రాతలు చదువుతున్నాను. చదువుతుంటే శ్రీనాథుడి కన్నడరాజ్యలక్ష్మి చాటువు నోట్లో ఆడుతోంది. కన్నడదేశంలో తాను తొడిగినవీ తిన్నవీ ఏకరువు పెట్టి, “తల్లీ, దయలేదా” అని ఆ రాజ్యలక్ష్మినే అడిగే విడి పద్యం అది. కుల్లాయి (టోపీ), కోక, కూర్పాసం (పై తొడుగు), వెల్లుల్లి వరకూ బాగానే వస్తోంది. మూడో పాదం దగ్గరే ఆగిపోతున్నాను. “చల్ల యంబలి”నా, “చల్లా యంబలి”నా? చల్ల (మజ్జిగ) వేరు, అంబలి వేరా? లేక చల్లారిన అంబలా?

గురులఘువు: శార్దూలం కదండీ. మొదటి గణం మగణం, మూడూ గురువులు కావాలి. “చల్ల యం” అంటే నడుమ లఘువు పడుతుంది. దీర్ఘమే సరైన పాఠం, ఇందులో చర్చకేం లేదు.

నిఘంటుప్రియ: పాఠం సరే, అర్థం మాటేమిటి? చల్లగాలి, చల్లనీళ్లు అన్నట్టు చల్లని అంబలి అనుకుంటే దీర్ఘం ఎందుకొస్తుంది? గణం కోసం సాగదీశాడంటే నేనొప్పుకోను. శ్రీనాథుడికి మాటల కరువా!

పలుకుబడి: “పాలూ పెరుగు”, “అమ్మా నాన్న” అంటాం. రెండు మాటలు జోడించేటప్పుడు మొదటిదానికే దీర్ఘమిచ్చి రెండోదాన్ని వదిలేస్తాం. ఇదీ అంతే. చల్లా, అంబలీ రెండూ తాగాడు. చాటువు నోటి మాటకు దగ్గరగా ఉంటుంది, వ్యాకరణం పుస్తకంతో కొలవకూడదు.

నిఘంటుప్రియ: అయితే రెండో పాదంలో “విశ్వస్త” సంగతి కూడా చెప్పండి. నమ్మకమైన మనిషి వడ్డించిందని రాసేవాళ్లున్నారు. సంస్కృత నిఘంటువు అమరకోశంలో “విశ్వస్తా విధవే సమే” అని స్పష్టంగా ఉంది. వితంతువు వడ్డించిందనే అర్థం.

బాటసారి: నాకు నచ్చేది ఆ వివరమేనండీ. ఏం తొడిగాడు, ఏం తిన్నాడు, ఎవరు వడ్డించారు, అన్నీ ఉన్నాయి. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా ఇలాగే రాస్తాడు. 1325లో 21 ఏళ్ల వయసులో టాంజియర్ నుంచి బయలుదేరినవాడు. కన్నడ తీరంలోని హోనావర్ సుల్తాన్ విందులో రాగిపళ్లెం, నెయ్యి వేసిన అన్నం, ఊరవేసిన మిరియాలు, అల్లం, మామిడి, చివర పెరుగు, అన్నీ వరసగా చెబుతాడు. తర్వాత ఏళ్ల తరబడి అన్నమే తిని తిని, నీళ్లతో తప్ప మింగుడుపడని స్థితికి వచ్చానంటాడు. “రుచులు దోసంబంచు పోనాడితిన్” (రుచులు చూడటం తప్పని వదిలేశాను) అన్న గొంతే నాకక్కడ వినిపించింది.

దండయాత్రి: బతూతా దాకా ఎందుకండీ? ఈ చాటువును విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువుకే ముడిపెడతారు. అదే రాయల దగ్గరికి 1443లో హెరాత్ నుంచి అక్కడి పాలకుడు షారూఖ్ రాయబారిగా అబ్దుర్ రజాక్ వచ్చాడు. అతనికి రోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, అయిదు మణుగుల బియ్యం, వెన్న, చక్కెర, పైగా రెండు వరహాలు పంపేవారట. అంత ఆతిథ్యం ఇచ్చే ఊళ్లో శ్రీనాథుడికి దక్కింది అంబలి! పద్యంలో ఆక్రోశం ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

పలుకుబడి: ఆ రజాక్ హొర్ముజ్‌లో ఓడ వాసనకే స్పృహ తప్పి, మూడు రోజులు ఊపిరి మాత్రమే మిగిలినట్టు పడి ఉన్నవాడు. అయినా వచ్చాడు. రజాక్ రాజు పనిమీద, శ్రీనాథుడు పాండిత్యం చూపించుకోవడానికి. కానీ దారిలో పడ్డాక ఇద్దరూ చూపు ఆపుకోలేకపోయారు. మా శ్రీనాథుడు పల్నాడు వెళ్లినా అంతే. “నాగులేటి నీళ్లు నాపరాళ్లు” అని రాళ్లతో సహా లెక్క రాశాడు. తిట్టడానికైనా అంత దగ్గరగా చూడాలి కదా!

గురులఘువు: “మా శ్రీనాథుడు” ఏమిటండీ, అందరి శ్రీనాథుడూ! వాదంలో గెలిచి, ఆస్థాన పండితుడు గౌడడిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించినవాడు మీ ఒక్కరి సొత్తా?

నిఘంటుప్రియ: కుల్లాయి గురించి ఎవరూ మాట్లాడరేం? పారసీకం “కులాహ్” నుంచి వచ్చిన మాట. లేపాక్షి చిత్రాల్లో ఆ పొడుగు టోపీలు కనిపిస్తాయి. పోర్చుగీసు యాత్రికుడు పాయెష్ కృష్ణదేవరాయల్ని చూసినప్పుడు జరీ టోపీ ఉంది, కాళ్లకు మాత్రం ఏమీ లేదు. రజాక్ లాంటివాళ్లు తిరిగిన దారుల్లోనే ఆ మాటా వచ్చి ఉంటుందని నా ఊహ.

గురులఘువు: కుల్లాయి అన్నారు కాబట్టి ఒకటి చూడండి. మొదటి పాదం “కుల్లాయుం”, మూడోది “చల్లాయం”. ప్రాసకు ల్ల చాలు, ఆయన “ల్లాయ” వరకూ లాక్కొచ్చాడు. దీర్ఘం అందుకే!

పలుకుబడి: మరి రెండోది “వెల్లుల్లిం”, నాలుగోది “తల్లీ”. వాటిలో ఆ “ల్లాయ” లేదేం? నా “పాలూ పెరుగు” మాటే నిలబడుతుంది.