తాతగారి రేడియం వాచీ పెట్టుకోవచ్చా?

గుంటూరు_కిరణ్:
మా తాతగారు మిలిటరీలో ఉన్నప్పుడు కొన్న స్విస్ వాచీ బీరువాలో దొరికింది, 1950ల నాటిది. అంకెల మీద పెయింట్ గోధుమరంగుకి తిరిగింది, ముల్లు మీద పెచ్చులు లేచి ఆ పొడి అద్దం కిందే పడి ఉంది. కీ ఇస్తే ఇంకా నడుస్తోంది! రిపేరుకి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన కంటికి లెన్సు పెట్టుకుని చూసి "ఇది అసలు రేడియం బాబూ, నేను మూత తియ్యను" అని వెనక్కి ఇచ్చేశాడు. పక్క షాపు కుర్రాడు మాత్రం పొడి ఊదేసి కొత్త అద్దం వేస్తానంటున్నాడు. చీకట్లో అస్సలు మెరవట్లేదు, అంటే దాని పవర్ అయిపోయినట్టేగా? నాకు పెట్టుకోవాలని ఉంది, మా ఆవిడకేమో టెన్షన్, ఇంట్లో చిన్నపిల్ల ఉంది.

శ్రీను_బైక్స్:
దీనికింత ఆలోచన ఎందుకు బ్రో, నా బండి నిండా రేడియం స్టిక్కర్లే. నాకేమైంది?

ఫిజిక్స్_మాస్టారు:
శ్రీనూ, నీ బండి మీదవి లైటు పడితే వెనక్కి కొట్టే స్టిక్కర్లు, వాటిలో రేడియం లేదు. కిరణ్ గారి వాచీలో ఉన్నది మేరీ, పియరీ క్యూరీ 1898లో కనిపెట్టిన, రేడియేషన్ వదిలే అసలు సరుకు.

మెరవకపోతే పవర్ అయిపోయినట్టు కాదండీ. ఆ పెయింట్‌లో రేడియంతో పాటు జింక్ సల్ఫైడ్ కలుపుతారు, రేడియం వదిలే ఆల్ఫా కణాలు (రేడియేషన్‌లో ఒక రకం) తగిలి మెరిసేది అదే. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తిని పాడైపోయింది కూడా అదే. రేడియం సగం అవ్వడానికి 1,600 ఏళ్లు కావాలి, డెబ్బై ఏళ్లలో తగ్గేది నూటికి మూడు వంతులు, అంతే.

ఆల్ఫా కణాన్ని కాగితం ముక్క కూడా ఆపేస్తుంది, అందుకే బయట ఉన్నంతసేపు దానితో పెద్ద గొడవ లేదు. ఒంట్లోకి పోతేనే కథ మారుతుంది. రేడియం కాల్షియంలా నటించి ఎముకల్లో చేరుతుంది, ఇక అక్కడే కూర్చుని కొడుతూ ఉంటుంది. ఇది తెలిసింది అమెరికాలో ఇలాంటి డయల్స్‌కి రంగులేసిన ఆడపిల్లల వల్ల. న్యూజెర్సీలోని ఆరెంజ్ ఊళ్లో, 1917 నుంచి, సన్నటి గీత రావాలని బ్రష్షు కొసని పెదాలతో మొన చేసుకోమని నేర్పారు వాళ్లకి. పెదాల మీద పెట్టడం, రంగులో ముంచడం, గీయడం, మళ్లీ పెదాల మీదకే. సరదాకి గోళ్లకీ పళ్లకీ కూడా పూసుకునేవాళ్లట. అదే కంపెనీలో కెమిస్టులు మాత్రం సీసం తెరల వెనక నిలబడి పటకార్లతో పట్టుకునేవాళ్లు! పళ్లు ఊడి, దవడ ఎముక కుళ్లి మోలీ మాజియా అనే అమ్మాయి 1922లో చనిపోతే సిఫిలిస్ అనే సుఖవ్యాధి అని రాసేశారు. 1927లో శవాన్ని తవ్వి తీస్తే ఎముకల్లో రేడియేషన్ దొరికింది. ఆ మరుసటేడు, అక్కడే రంగులేసిన గ్రేస్ ఫ్రయర్, ఇంకో నలుగురు కంపెనీ మీద వేసిన కేసులో రాజీపడితే వచ్చింది మనిషికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 పెన్షన్. అయిదేళ్లకే గ్రేస్ కూడా పోయింది. ఒంట్లో రేడియం 0.1 మైక్రోగ్రాము దాటకూడదని 1941లో పెట్టిన హద్దు ఈ పిల్లల ఎముకలు కొలిచాక వచ్చిందే.

శ్రీను_బైక్స్:
అయ్యబాబోయ్. మరి తాతగారు ఏళ్ల తరబడి పెట్టుకున్నారు కదా మాస్టారూ?

పాత_ముల్లు:
పాత వాచీలు పోగేసే పిచ్చి ఉన్నవాణ్ణి, నేను చెప్తా. తాతగారు దాన్ని నాకలేదు కదా! మూత బిగించి ఉంటే ఆల్ఫా బయటికి రాదు, ఇంకా లోతుకి దూసుకుపోయే గామా కిరణాలు మాత్రం కాస్త అద్దం దాటి వస్తాయి, అప్పుడప్పుడు పెట్టుకుంటే భయపడేంత కాదు. కానీ కిరణ్ అన్నా, నీ దాంట్లో పొడి రాలింది, అసలు సమస్య అదే. ఆ కుర్రాడు ఊదితే అది వాడి ముక్కులోకే పోతుంది, బల్ల మీద, టిఫిన్ డబ్బా మీద కూడా పడుతుంది. పెద్దాయన సరిగ్గా చెప్పాడు, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టు. రేడియం నుంచి రాడాన్ అనే రేడియేషన్ ఉన్న గ్యాస్ కూడా వస్తుంది కాబట్టి తలగడ పక్కన, పిల్ల ఆడుకునే చోట వద్దు.

గుంటూరు_కిరణ్:
అయితే పాత సామాన్లవాడికి ఇచ్చేయనా? మా ఆవిడ అదే అంటోంది.

ఫిజిక్స్_మాస్టారు:
వద్దండీ. 2010లో ఢిల్లీ మాయాపురిలో యూనివర్సిటీ పాత మెషీన్ ఒకటి తుక్కుకి పోయి, అందులోని కోబాల్ట్-60 అనే రేడియేషన్ పదార్థం వల్ల ఒక మనిషి చనిపోయాడు. మీ వాచీతో దానికి పోలిక లేదు, అది లక్షల రెట్లు ఘాటు, కానీ తుక్కులో విప్పేవాడికి లోపల ఏముందో తెలియదు కదా. జిప్ కవర్లో వేసి, రేకు డబ్బాలో పెట్టి, పైన "రేడియం, తెరవద్దు" అని రాసి, పడుకునే గదిలో కాకుండా గాలి ఆడే చోట అటక మీద పెట్టండి. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

పాత_ముల్లు:
పెట్టుకోవాలనే ఉంటే ట్రిటియం (రేడియం కంటే చాలా బలహీనమైన రేడియేషన్ ఇచ్చేది) డయల్‌వో, ఇప్పటి లైటు పీల్చి మెరిసే రకమో కొనుక్కో అన్నా. తాతగారిది ఫోటో తీసి పెట్టు, ఏ మోడలో నేను చూసి చెప్తా. మూత మాత్రం తియ్యకు.