ఒంగోలు మేయర్ కావాలనుంది, ఇంకేం చెయ్యమంటారు?

కర్నూలు రోడ్డు టీచరమ్మ: రిటైరైన లెక్కల టీచర్ని. ఈసారి మేయర్ పదవికి నిలబడదామనుంది. పెద్ద ఆశలేం లేవు. కుళాయి ఏ రోజు వస్తుందో ముందే తెలియాలి. పోతురాజు కాలువలో చెత్త పడకూడదు. ఇంకేం చేర్చను?

పాత కౌన్సిల్ మనిషి: అమ్మా, మేయర్‌కి జనం నేరుగా ఓటెయ్యరు. 2021లో 50 డివిజన్లకు జరిగినట్టే ముందు కార్పొరేటర్‌గా గెలవాలి.

డ్రమ్ముల వీధి: సాగర్ కుడి కాలువ నీళ్లొస్తేనే కదా మన చెరువులు నిండేది! మేయర్ కాలువ తేలేరు, టైం మాత్రం చెప్పొచ్చు. మా అమ్మ డ్రమ్ము పక్కనే మంచం వేసుకుంది.

కర్నూలు రోడ్డు టీచరమ్మ: డివిజన్ సంగతి తెలుసు నాయనా, మా వీధి నుంచే మొదలుపెడతా. ఆ మంచం మాట కరపత్రంలో వేసుకుంటా, అమ్మను అడిగి చెప్పు.