వ్యయంలో కేతువు ఉంటే ఇదే చివరి జన్మ అవుతుందా?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. నాది అనూరాధ నక్షత్రం, మొదటి పాదం. లగ్నానికి (పుట్టిన సమయంలో తూర్పున ఉదయించే రాశికి) పన్నెండో ఇంట, అంటే వ్యయంలో, కేతువు ఒంటరిగా ఉన్నాడు. ఈ మధ్య బంధువుల ఇంట్లో నా జాతకం చూసిన ఒక సిద్ధాంతిగారు, వ్యయంలో కేతువు ఉన్నవారికి పునర్జన్మ ఉండదనీ, వచ్చే ఏడాది 34వ ఏట కేతు మహాదశ మొదలవగానే నాకు సంసారం మీద విరక్తి కలుగుతుందనీ చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మగారు నేను ఎక్కడ సన్యసిస్తానో అని బెంగపెట్టుకుని, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిద్దామంటున్నారు. నా సందేహం వేరు. సంధ్యావందనం కూడా సరిగా చేయనివాణ్ణి, కోపాన్ని అణచుకోలేనివాణ్ణి. అటువంటి నాకు ఒక గ్రహం ఫలానా ఇంట ఉన్నంత మాత్రాన మోక్షం వస్తుందా? అసలు జాతకచక్రం మనిషి ఆధ్యాత్మిక స్థితిని చెప్పగలదా?

సమాధానం 1

ముందు మీ దశ లెక్క సరిచూశాను. జన్మనక్షత్రానికి అధిపతి అయిన గ్రహం దశతోనే (జీవితంలో ఆ గ్రహం ఏలే కాలంతోనే) లెక్క మొదలవుతుంది. అనూరాధకు అధిపతి శని, ఆయన దశ 19 ఏళ్ళు. మొదటి పాదం గనుక పుట్టేనాటికి అందులో 14 ఏళ్ళ 3 నెలలకు తక్కువ కాకుండా మిగిలి ఉంటుంది. ఆ తరువాత బుధ దశ 17 ఏళ్ళు. రెండూ కలిపితే 31 ఏళ్ళ 3 నెలలకూ 36 ఏళ్ళకూ మధ్య కేతు దశ మొదలవాలి. కాబట్టి 34వ ఏట కేతు దశ రావడంలో పొరపాటు లేదు.

పొరపాటంతా ‘చివరి జన్మ’ అన్న మాటలో ఉంది. కేతువు కైవల్యాన్ని, అంటే మోక్షాన్ని, సూచిస్తాడన్నది జైమిని సూత్రాలలోని మాట. అయితే అక్కడ లెక్కించేది లగ్నం నుంచి కాక కారకాంశ నుంచి. రవి మొదలు శని వరకు గల ఏడు గ్రహాలలో, తానున్న రాశిలో అందరికంటె ఎక్కువ భాగలు (డిగ్రీలు) నడిచిన గ్రహం ఆత్మకారకుడు (రాహువును కలిపి ఎనిమిదిగా లెక్కించేవారూ ఉన్నారు). ఆ గ్రహం నవాంశలో (ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రంలో) పడిన రాశే కారకాంశ, దానికి పన్నెండింటిని చూసి చెప్పవలసిన ఫలితం అది. లగ్నానికి వ్యయంలో కేతువు ఉన్నవారందరికీ మోక్షమే అయితే, సుమారుగా పన్నెండుమందిలో ఒకరికి పునర్జన్మ ఉండకూడదు!

ఆ పన్నెండో స్థానం నుంచే ఏ దేవత మీద భక్తి కుదురుతుందో కూడా చెబుతారు: రవి అయితే శివుడు, చంద్రుడు గౌరి, కుజుడు స్కందుడు, శుక్రుడు లక్ష్మి, బుధ శనులు విష్ణువు. నా మట్టుకు మోక్షయోగాల కంటె ఇదే విలువైనది. పైగా దీనికి జన్మసమయం నిమిషాలతో సహా అక్కరలేదు. లగ్న నవాంశ సుమారు 13 నిమిషాలకొకసారి మారిపోతుంది. ఆత్మకారకుడు రవి అయితే ఒక నవాంశ దాటడానికి మూడు రోజులు పైబడుతుంది, చంద్రుడైనా ఆరు గంటలు పడుతుంది.

సమాధానం 2

పై సమాధానంలోని గణితంతో నాకు పేచీ లేదు. కాని కారకాంశకు పన్నెండింట కేతువు ఉన్నా నేను మోక్షం రాసిపెట్టి ఉందని చెప్పను. పూర్వజన్మలో కూడబెట్టుకున్న శుభాశుభ కర్మల పరిపాకాన్ని, చీకట్లో వస్తువులను దీపం చూపినట్లు ఈ శాస్త్రం చూపుతుందని వరాహమిహిరుడు లఘుజాతకం మొదట్లోనే అన్నాడు. అంటే దీపానికి కనిపించేది పండిన కర్మ, అనగా ప్రారబ్ధం. వేదాంతుల లెక్కలో జ్ఞానం సంచితాన్ని, అంటే ఇంకా పండని పాత కర్మను, దహిస్తుంది గాని, ప్రారబ్ధం విడిచిన బాణంలా తన వేగం ఉన్నంతవరకు సాగవలసిందే. జ్ఞానికీ అజ్ఞానికీ ఒకే దశలో ఒకే జ్వరం రావచ్చు. వారిద్దరి మధ్య ఉన్న తేడా చక్రంలో దొరకదు.

వరాహమిహిరుడిదే అయిన బృహజ్జాతకంలోని ప్రవ్రజ్యా (సన్యాస) యోగాలు చూడండి. నాలుగు గాని అంతకు మించి గాని గ్రహాలు ఒకే రాశిలో చేరితే సన్యాసయోగమనీ, వాటిలో బలవంతుడు కుజుడైతే శాక్యుడు (బౌద్ధ భిక్షువు), బుధుడైతే ఆజీవకుడు, శని అయితే నిర్గ్రంథుడు (జైన సన్యాసి) అవుతాడనీ అక్కడ ఉంది. ఆరో శతాబ్దపు సన్యాస శాఖల జాబితా అది. ఆజీవకులు ఏనాడో అంతరించారు, బుధుడు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. మనిషి ఏ వస్త్రం కట్టి ఇల్లు విడుస్తాడో చెప్పడానికే వరాహమిహిరుడు పూనుకున్నాడు. ఆ వస్త్రం లోపల జ్ఞానం కలిగిందా లేదా అన్న జోలికి పోలేదు.

అమ్మగారిని మాత్రం తప్పక కాళహస్తికి తీసుకువెళ్ళండి. మిగతా ఆలయాలు తలుపులు మూసే గ్రహణ సమయంలో కూడా తెరిచి ఉండే క్షేత్రం అది. వాయులింగాన్ని చూసి వస్తే ఆమె మనసు కుదుటపడుతుంది. ఆమె బెంగ పెట్టుకున్న కేతు దశ కూడా ఏడేళ్ళదే.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క వేశాను. ఆత్మకారకుడు గురువు, నవాంశలో కర్కాటకంలో ఉన్నాడు. దానికి పన్నెండింట మిథునం పూర్తిగా ఖాళీ. కేతువు ఆ దరిదాపుల్లో కూడా లేడు. చెప్పొద్దూ, కాస్త నిరాశ కలిగింది. స్థానం ఖాళీగా ఉంటే దేవత ఎవరని తీసుకోవాలి?

సమాధానం 1 ఇచ్చినవారు

గ్రహం లేనప్పుడు ఆ రాశ్యధిపతిని తీసుకోవడం వాడుక. మిథునానికి బుధుడు, బుధుడికి విష్ణువు. సంధ్యావందనం సరిగా చేయనన్నారు కదా, అందులో మొట్టమొదటి ఆచమనమే కేశవ, నారాయణ, మాధవ నామాలతో ఉంటుంది. రేపు అక్కడి దాకా అయినా చేసి చూడండి.